మూడు పూతల గిటారు

మన పత్రికలో 'అడగండి' పేజీ రాసేది నేనే కాబట్టి, దానివల్ల జరిగిన అనర్థం గురించి కూడా నేనే రాయాలి. ఈ ప్రయాణం ఊరు చూడాలని చేసింది కాదు, భయంతో చేసింది. వెళ్ళిన తర్వాత సంగతి మారింది. అదే మీకు చెబుతాను.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక మాట. 'పాత తీగ' మూడు నెలలకోసారి వచ్చే చిన్న పత్రిక. పాత గిటార్లు సేకరించేవాళ్ళూ వాయించేవాళ్ళూ చదువుతారు. విజయవాడలో నా మరమ్మతు కొట్టు వెనక గదే దీని ఆఫీసు. పాఠకులు ప్రశ్నలు పంపుతారు, నేను జవాబులు రాస్తాను. ముప్పై ఏళ్ళుగా గిటార్లు బాగుచేస్తున్నానని నాకు కాస్త పొగరు. ఎవరైనా నా జవాబుకు అడ్డం చెబితే ఒళ్ళు మండుతుంది.

పోయిన సంచికకు ముందు మైపాడు నుంచి పోలయ్యగారనే పాఠకుడు కార్డు రాశారు. "మేము సముద్రం ఒడ్డున ఉంటాము. మా అన్నగారి గిటారు ఉన్నది. నలభై ఏళ్ళ పైబడినది. ఉప్పుగాలికి చెక్క పాడవకుండా ఏమి చేయవలెను?" నేను రాసిన జవాబు ఇది: "చెక్క ఎండి పగలకుండా ఏడాదికోసారి నూనె పట్టించండి." అంతే, ఒక్క వాక్యం. ఆ పేజీలో ఇంకా ఆరు ప్రశ్నలున్నాయి, చోటు లేదు. నూనె పెట్టాల్సింది ఎడమచేతి వేళ్ళు నొక్కే నల్లపలకకు, అంటే ఫ్రెట్‌బోర్డుకు మాత్రమే. అదీ రెండు చుక్కలు. గిటారు పట్టిన ప్రతివాడికీ ఈ మాత్రం తెలిసే ఉంటుందనుకున్నాను.

బుధవారం సాయంత్రం ఫోన్లో ఆయన గొంతు వచ్చింది. "సార్, నేను మైపాడు పోలయ్యను. మీరు రాసినట్టే పూసినాను సార్. సొరచేప నూనె, మా పాత తెప్పకు పూసేది. లోపలా బయటా మూడు పూతలు. పన్నెండు రోజులైంది. ఇప్పుడు పలకటంలే. ఇంకా ఎన్ని పూతలు పుయ్యాలో చెప్పండి."

చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కిందపడింది. వెంటనే "ఇక ఏమీ పుయ్యొద్దండి, రేపు పొద్దున నేనే వస్తున్నాను" అన్నాను. ఆయన సంతోషించాడు. "అంత దూరం మాకోసరం వస్తారా సార్" అన్నాడు.

గురువారం ఉదయం ఆరుంపావుకి విజయవాడలో మద్రాసు వైపు వెళ్ళే పగటి బండి ఎక్కాను. ముందుగా రిజర్వు చేసుకోలేదు కాబట్టి జనరల్ పెట్టె. తెనాలి దాకా నిలబడ్డాను, అక్కడ కిటికీ పక్కన చోటు దొరికింది. సంచిలో రెండు సెట్ల కొత్త తీగలు, మెత్తని గుడ్డలు, చిన్న అద్దం, టార్చి లైటు, రకరకాల సీసాలు. చీరాలలో ఎక్కిన ఒక పెద్దావిడ సంచిలోకి తొంగిచూసి, "డాక్టరుగారా మీరు?" అంది.

"గిటార్లకు" అన్నాను.

"పేషెంటుకి ఎలా ఉంది?"

"నేనిచ్చిన మందు వికటించిందమ్మా" అన్నాను. ఆవిడ నవ్వలేదు. తన డబ్బాలోంచి రెండు ఇడ్లీలు తీసి నా చేతిలో పెట్టి, "ముందు మీరు తినండి, మొహం పీక్కుపోయింది" అంది. ఒంగోలులో దిగేటప్పుడు కూడా నా మందుల సంచి వైపు జాలిగా చూసింది. ఆ పూట నేను తిన్నది ఆ రెండు ఇడ్లీలే.

బండి పావుగంట ఆలస్యంగా పదింపావుకి నెల్లూరు చేరింది. మీలో ఎవరైనా వెళ్ళదలిస్తే స్టేషన్ దగ్గర ఆటో మాట్లాడుకుని బస్టాండుకి వెళ్ళండి, మైపాడు బస్సు అక్కడే దొరుకుతుంది. నేను పదకొండింటి బస్సు ఎక్కాను. ఇందుకూరుపేట దాటేదాకా రెండు పక్కలా వరి, తర్వాత రొయ్యల గుంటలు. గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాలు తిరుగుతుంటే ఎండ కళ్ళల్లో కొడుతుంది, టోపీ ఉంచుకోండి. పక్క సీట్లో కూర్చున్నాయన మైపాడులో వలలకు సీసం గుండ్లు అమ్ముతాడట. పోలయ్య ఇల్లు తెలుసా అంటే, "గిటారు పోలయ్యా? ఆయన వాయించటం మానేసి పది పన్నెండు రోజులైంది సార్. ఈదంతా బోసిగా ఉండాది" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

పన్నెండుంపావుకి మైపాడులో దిగాను. పోలయ్యగారు బస్సు దగ్గరికే వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. నల్లగా, సన్నగా, లుంగీ పైకి కట్టి, నా సంచి లాక్కున్నంత పనిచేసి భుజాన వేసుకున్నాడు. ఇల్లు సముద్రానికి రెండు వీధుల అవతల. పంచలో అడుగుపెట్టకముందే వాసన తగిలింది. గోడకు గిటారు వేలాడుతోంది. దానికింద మూడు పిల్లులు కూర్చుని పైకి చూస్తున్నాయి.

"ఈ పిల్లులతో చచ్చిపోతుండాం సార్" అంది ఆయన భార్య గోవిందమ్మగారు, వల బాగుచేస్తున్న చేతులు ఆపకుండానే. "రాత్రిపూట లోపల పెట్టి గొళ్ళెం ఎయ్యాల్సొస్తుండాది."

గిటారు దించి ఒళ్ళో పెట్టుకున్నాను. కలకత్తాలో ఎవరో మంచి పనివాడు చేసిన వాద్యం. లోపలి కాగితం మీద పేరు సగం చెరిగిపోయింది. అద్దంలా నున్నగా మెరిసిపోతోంది. ఎంత శ్రద్ధగా పూశాడో చూస్తే ఏడుపొచ్చింది. మూలమూలలా, అతుకు అతుకుకీ, లోపలి బద్దలకు కూడా. తెప్పకు నీళ్ళు దిగకుండా ఎలా పూస్తారో అలా. బయట పాలిష్ ఉంది కాబట్టి అక్కడ నూనె పైనే నిలిచింది. లోపలి పచ్చి చెక్క మాత్రం పూర్తిగా తాగేసింది. తీగ మీటాను. అట్టపెట్టె మీద తట్టినట్టు డబ్ మంది.

"మా తెప్ప మీద సొరనూనె పూస్తే ఇరవై ఏళ్ళు చెక్కు చెదరలే సార్" అన్నాడు పోలయ్యగారు. "ఇప్పుడన్నీ ఫైబరు బోట్లే గదా. మిగిలిన నూనె డబ్బాలో దాచిపెట్టినాను. మంచిది దీనికే పనికొచ్చిందనుకున్యాను."

అప్పుడు చెప్పాను. తప్పు నాదేనని, నూనె ఎక్కడ పెట్టాలో నేను రాయలేదని, రెండు చుక్కలు మించకూడదని. ఆయన తిడితే బాగుండేది. "మీరేం చేస్తారు సార్, బుద్ధిలేక నేనే పూసినా" అని నాకే ధైర్యం చెప్పాడు. గోవిందమ్మగారు మాత్రం వల పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "రెండు చుక్కలని ఒక ముక్క రాయాల్సింది సార్" అంది.

ఇంతకూ ఆ గిటారు ఎవరికోసమో లోపలికి వెళ్ళాక తెలిసింది. మంచం మీద పోలయ్యగారి అన్న సుబ్బరాయుడుగారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వయసులో నెల్లూరు ఆర్కెస్ట్రాల్లో వాయించేవాడట. గిటారు ఆయనదే, తమ్ముడికి నేర్పిందీ ఆయనే. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా రెండూ పోయాయి. కానీ తమ్ముడు రోజూ సాయంత్రం వాయిస్తుంటే గొంతు కలిపేవాడు. మాట రాని మనిషికి రాగం వచ్చేది.

"గిటారు ఆగిపోయిన కాడ్నించి బావ కూడా ఆగిపోయినాడు సార్" అంది గోవిందమ్మగారు. "అన్నం రెండు ముద్దలు. మొకం ఇటు తిప్పడు. ఈయనేమో కాలు కాలిన పిల్లి మాదిరి పంచలో తిరుగుతా ఉంటాడు."

నేను మంచం పక్కన నిలబడి దణ్ణం పెట్టాను. ఆయన చూడలేదు. అక్కడ నిలబడటం నాకు చాలా కష్టమైంది.

పనిలో దిగాను. తీగలన్నీ విప్పేశాను. బయటి నూనె గుడ్డతో తుడిస్తే వచ్చేసింది. లోపలిదే చిక్కు. మధ్య గుండ్రటి రంధ్రంలోంచి నా చెయ్యి సగం దాకా పోయి ఇరుక్కుంది. సీసాల్లో ఉన్న మందులు వాడితే నూనెతో పాటు లోపలి జిగురు కూడా కరిగే ప్రమాదం ఉంది. గంటసేపు తంటాలు పడి, చెమటలు కారుతుంటే ఒక గుడ్డ విసిరికొట్టాను.

గోవిందమ్మగారు అంతసేపూ చూస్తూనే ఉంది. "ముగ్గుపిండి ఎయ్యండి సార్" అంది. "ఇంట్లో నూనె ఒలికితే మేం దాంతోనే లాగేస్తాం. పెనం మీద వెచ్చబెడితే ఇంకా బాగా పీలుస్తాది."

"కచేరీలు చేసిన వాద్యమమ్మా ఇది. ముగ్గుపిండి పోస్తారా?" అన్నాను కసురుతూ. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను. చెక్కలోంచి నూనె లాగడానికి సుద్దపొడి వాడటం మా పనివాళ్ళకు తెలిసిన పద్ధతే. ముగ్గుపిండీ ఆ జాతిదే. నేనే సీసాల మోజులో మరిచిపోయాను. "కోప్పడ్డాను, ఏమనుకోకండి. మీరు చెప్పిందే సరైంది" అన్నాను.

"కోపం కాదు సార్ అది, ఆకలి" అంది ఆవిడ. "తిన్న తర్వాత చేద్దాం."

చేపల పులుసు ముందురోజుది, మామిడికాయ ముక్కలు వేసింది. నెల్లూరులో మీరు ఎంత పెద్ద హోటల్లో తిన్నా ఆ రుచి రాదు, ఈ ఒక్క సంగతిలో నా మాట నమ్మండి. మూడుసార్లు వడ్డించుకున్నాను.

రెండింటికి మొదలుపెట్టాం. పాత నూలుచీర చింపి గోవిందమ్మగారు అరచేయంత సంచులు కుట్టింది, వల కుట్టే చేతులు కదా, పావుగంటలో పది తయారయ్యాయి. పోలయ్యగారు పెనం మీద ముగ్గుపిండి వేడిచేశాడు. చెయ్యి కాలనంత వెచ్చగా ఉంటే చాలు, అంతకు మించితే జిగురు ఊడుతుంది. ఈసారి ప్రతి మాటా విడమరిచి చెప్పాను. ఆవిడ చెయ్యి సన్నది. రంధ్రంలోంచి లోపలికి పోనిచ్చి, సంచుల్ని పైచెక్కకు ఆనించి, కింద మెత్తని గుడ్డలు కూరి కదలకుండా నిలబెట్టింది. నేను అద్దం, టార్చి పట్టుకుని దారి చూపించాను. గంట తర్వాత తీసి చూస్తే తెల్లటి పిండి పసుపుముద్దలా అయ్యింది.

"చూసినారా, వచ్చేస్తుండాది" అన్నాడు పోలయ్యగారు. సాయంత్రం ఆరు లోపల నాలుగుసార్లు మార్చాం. వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూసి, తలా ఒక పొట్లం ముగ్గుపిండి ఇచ్చి వెళ్ళారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు.

ఉండిపొమ్మని ఇద్దరూ బతిమాలారు. ఇల్లు చిన్నది, వాళ్ళకు ఇబ్బంది అని ఆరున్నర బస్సుకి నెల్లూరు వచ్చి స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాను. గది శుభ్రంగానే ఉంది, ఫ్యాను తిరిగింది. గుమాస్తా నా చేతుల వాసన చూసి, సబ్బు రెండోది అడగకుండానే ఇచ్చాడు.

శుక్రవారం ఉదయం ఏడింటి బస్సుకే మళ్ళీ మైపాడు. రాత్రి సరిగా నిద్రపట్టలేదు, పిండి తడిసి చెక్కకు అంటుకుపోయిందేమోనని ఒకటే బెంగ. వెళ్ళేసరికి గోవిందమ్మగారు అప్పుడే సంచులు తీస్తోంది.

"తెల్లారుజామున లేచి రెండుసార్లు మార్చినా సార్. ఇప్పుడు పసుపు బాగా తగ్గింది" అంది. గిటారు ఎత్తి చూశాను. నిన్నటి బరువు లేదు. వేలితో వెనకచెక్క మీద తట్టాను. లోపలినుంచి చిన్న గుమ్మనే చప్పుడు వచ్చింది. పోలయ్యగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఇంకో నాలుగు మార్పులు చేసి, భోజనం ముగించి, మధ్యాహ్నం రెండింటికి లోపల దులిపి కొత్త తీగలు వేశాను. ఒక్కో తీగా మెల్లగా బిగిస్తుంటే వాళ్ళిద్దరూ ఊపిరి బిగపట్టి కూర్చున్నారు. శ్రుతి చేసి పోలయ్యగారి చేతికిచ్చాను. ఆయన గిటారుతో అన్న మంచం దగ్గరికి వెళ్ళి కింద కూర్చున్నాడు.

వాయించాడు. పాత గొంతు పూర్తిగా రాలేదు. సన్నతీగలు పలికాయి, లావుతీగలు కాస్త మూలిగాయి. అయినా అది గిటారే, అట్టపెట్టె కాదు. సుబ్బరాయుడుగారు మెల్లగా ఇటు తిరిగాడు. ఎడమచెయ్యి ఎత్తి అడ్డంగా ఊపాడు.

పోలయ్యగారు ఆగిపోయాడు. "నచ్చలే సార్" అన్నాడు. "పాత మాదిరి లేదని చెబుతుండాడు."

నేనూ అలాగే అనుకున్నాను. అంతా అయిపోయిందనుకున్నాను. కానీ ఆయన చెయ్యి దించలేదు. వేలు చాచి గిటారు తల వైపు చూపిస్తున్నాడు, మళ్ళీ మళ్ళీ, విసుగ్గా. వంగి తీగలు ఒక్కొక్కటే మీటి చూశాను. మూడో తీగ శ్రుతి దిగింది. కొత్త తీగ కదా, సాగింది. ఎంత తక్కువ దిగిందంటే నేను గమనించలేదు. బిరడా పట్టుకుని బిగించాను. ఆయన వేలు 'పైకి' అంది. ఇంకా బిగించాను. ఇంకా పైకి. సరిగ్గా శ్రుతి కలిసిన చోట చెయ్యి మంచం మీద వాలిపోయింది.

"మా అన్న అంతే సార్" అన్నాడు పోలయ్యగారు, ఏడుస్తూ నవ్వుతూ. "ఆర్కెస్ట్రాలో కూడా అందరినీ ఇట్టనే తినేసేవాడు."

ఈసారి వాయిస్తుంటే ముందు ఊపిరి మాత్రమే వినపడింది. తర్వాత బొంగురుగా, కిందిస్థాయిలో, ఆ పెద్దాయన గొంతు కలిసింది. వాకిట్లో ఎవరో "ఆయన పాడుతుండాడు" అని కేకేశారు. నాకు కన్నీళ్ళు ఆగలేదు, దాచుకోలేదు కూడా. గోవిందమ్మగారు ఒక కంచంలో అన్నం కలుపుకుని వచ్చి, పాట అయ్యేదాకా మంచం పక్కన నిలబడింది.

మూడున్నర బస్సుకి ఇద్దరూ వచ్చి ఎక్కించారు. ఇంకో వారం పాటు రోజూ ఒకసారి పిండి సంచులు పెట్టమని చెప్పాను. ఎంతసేపో, ఎంత వేడో, ఎక్కడ ఆనించాలో అన్నీ కాగితం మీద రాసిచ్చాను. వద్దంటే వినకుండా ఎండుచేపల పొట్లం కట్టిచ్చారు.

ఐదున్నరకు నెల్లూరులో విజయవాడ బండి దొరికింది. పెట్టెలో జనం బాగానే ఉన్నారు, నా పక్కన మాత్రం ఇద్దరు మనుషులు పట్టేంత చోటు మిగిలింది. ఎదురుగా కూర్చున్న కుర్రవాడు ముక్కు మూసుకుని, "చేపల వ్యాపారమా అంకుల్?" అన్నాడు. "గిటార్ల వ్యాపారం" అంటే నమ్మలేదు. ఎండుచేపల పొట్లం ఒకటే కాదు, నా చేతులకూ చొక్కాకూ సొరనూనె అలాగే ఉంది. కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. నాకు ఆ రెండు రోజుల్లో దొరికిన ఆదరణ గురించే ఆలోచన. వాద్యం పాడుచేసినవాడికి పులుసు పెట్టి, తప్పు తమమీద వేసుకుని, చివరికి పని కూడా తామే చేసి పంపారు. ఈ పత్రిక మొదలుపెట్టినందుకు ఇంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

కావలి వచ్చేలోపు ఈ సంచికకు సవరణ రాశాను: "నూనె ఫ్రెట్‌బోర్డుకు, అంటే వేళ్ళు నొక్కే నల్లపలకకు మాత్రమే, ఏడాదికోసారి రెండు చుక్కలు రాసి, పొడిగుడ్డతో తుడిచేయాలి. మరెక్కడా పూయకూడదు. పోయిన సంచికలో ఈ మాట రాయకపోవడం నా తప్పు." మూడుసార్లు చదువుకున్నాను. బాగుందనిపించింది. అయినా అనుమానం తీరక మైపాడుకు ఫోన్ చేశాను. గోవిందమ్మగారు తీసింది. చదివి వినిపించాను.

"బాగుంది సార్" అంది. "రెండు చుక్కలంటే దేంతో సార్? గరిటెతో వేసినా చుక్కే గదా మావోళ్ళకు."

ఆవిడ మాటల వెనక గిటారు వినపడుతోంది, దానితో పాటు ఆ బొంగురు గొంతు. మధ్యలో గొంతు ఆగింది, గిటారు కూడా ఆగింది, ఒక తీగ కొద్దిగా బిగిసింది, మళ్ళీ రెండూ మొదలయ్యాయి. ఫోన్ చెవికి ఆనించుకునే, ఒళ్ళో ఉన్న కాగితం మీద 'రెండు చుక్కలు' అన్న మాటకు ముందు 'అగ్గిపుల్ల మొనతో' అని చేర్చి, ఆవిడకు మళ్ళీ మొదటినుంచి చదివాను.